స్వయంచాలక తవిటయ్య

మా ఆఫీసుకి ఒక కారుంది. ఆ కారుకి ఒక షెడ్డుంది. ఆ షెడ్డుకి ఒక షట్టరుంది. ఆ షట్టరుకి తవిటయ్య ఉన్నాడు. పదకొండేళ్లపాటు ఈ ఏర్పాటు వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. ఇబ్బంది లేని ఏర్పాటు ఆఫీసులో ఏదైనా ఉంటే పైవాళ్ల కంట పడకుండా దాన్ని కాపాడుకోవాలి. మేం కాపాడుకోలేకపోయాం.

ఆఫీసంటే జీడిపిక్కల నాణ్యతా సంస్థ, జిల్లా కార్యాలయం. జిల్లాలో పండిన జీడిపిక్కలు బాగున్నాయో లేదో చూసి చెప్పడం మా పని. మేం చెప్పేలోగా వ్యాపారులు కొనేస్తారు, జనం తినేస్తారు. కాబట్టి మేం తొందరపడం. అందులో నేను సీనియర్ అసిస్టెంటుని, పేరు దామోదర పట్నాయక్. ఫైలు రాయడం, రాసిన ఫైలుకి తాడు కట్టడం, కట్టిన తాడు విప్పమంటే విప్పడం ఇరవై తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను.

తవిటయ్య ఔట్‌సోర్సింగ్ మనిషి. జీతాల జాబితాలో అతని పేరుండదు, 'షట్టరు పనివాడు - 1' అని ఉంటుంది. ఆ షట్టరుని ఎత్తే గొలుసు షెడ్డు లోపల వేలాడుతుంది. డ్రైవరు జోగారావు రెండుసార్లు హారను కొడితే తవిటయ్య పక్కనున్న చిన్న తలుపులోంచి లోపలికి దూరి గొలుసు లాగుతాడు. జోగారావే దిగి లాగొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. జోగారావు విధుల జాబితాలో స్టీరింగు ఉంది, బ్రేకు ఉంది, గొలుసు లేదు. పైగా అధికారి లోపల కూర్చుని ఉండగా డ్రైవరు కారు దిగితే కారు అనాథగా నిలబడినట్టు లెక్క. దాని మీద పాత ఉత్తర్వు ఒకటుంది.

ఇలా ఉండగా మా సంస్థలో అందరికంటే పైన కూర్చునే పెద్దాయన జీడిపప్పు శుద్ధి చేసే విధానాలు చూసి రావడానికి ఏదో చలిదేశం వెళ్లారు. అక్కడ జీడిపప్పు గురించి ఏం చూశారో ఇప్పటికీ రిపోర్టు రాలేదు. కానీ ఒక ఇంటి ముందు ఒకావిడ కారులోంచి దిగకుండానే షెడ్డు తలుపు తెరుచుకోవడం ఆయన స్వయంగా చూశారు. ఆయన విమానం దిగిన మూడోరోజుకే మాకు సర్క్యులరు అందింది.

"సంస్థకు చెందిన సమస్త వాహనశాలల ద్వారములు, మానవ హస్తస్పర్శ లేకుండగ, వాహనమున ఆసీనులైన అధికారి అభీష్టము మేరకు తమంత తాముగా తెరుచుకొనవలెను. ఇందునిమిత్తము తగు పద్ధతిని ఎంపిక చేయుటకు ప్రతి జిల్లాలో ఒక కమిటీ ఏర్పాటు చేయవలెను. మార్చి 31 తరువాత ద్వారములను చేతితో తెరచుట, తెరిపించుట, తెరువ ప్రోత్సహించుట క్రమశిక్షణా చర్యకు గురిచేయబడును. షట్టరు పనివారి సేవలు అదే దినమున ముగిసినట్లు భావించవలెను."

చివరి వాక్యం తవిటయ్యకి నేనే చదివి చెప్పాల్సి వచ్చింది.

"భావించడమంటే ఏటి బాబూ? ముగిసిపోయినట్టా, పోయినట్టు అనుకోడమా?" అన్నాడు.

"పోయినట్టే తవిటయ్యా."

అతని భార్య పారమ్మ పదహారేళ్లు జీడిపిక్కలు కొట్టే బట్టీలో పనిచేసింది. జీడి నూనె చేతులు కాల్చేస్తుంది. ఆవిడ అరచేతులు పుండ్లు పడి, ఇంక పిక్క ముట్టుకుంటే వేళ్లు పోతాయని డాక్టరు చెప్పి రెండేళ్లయింది. పిల్లలిద్దరూ హాస్టల్లో చదువుకుంటున్నారు. ఇంట్లో పొయ్యి వెలిగేది తవిటయ్య షట్టరు ఎత్తితేనే. ఈ సంగతి కమిటీ ముందు పెట్టడానికి ఎజెండాలో చోటు దొరకలేదు.

కమిటీకి అధ్యక్షులు మా డిప్యూటీ డైరెక్టరు హరగోపాలరాజు గారు. అందరం డి.డి. గారు అంటాం. సాంకేతిక నిపుణుడిగా ఐటీఐలో ఫ్రిజ్ రిపేరు నేర్పే కూర్మారావు గారిని తీసుకున్నాం. తలుపున్న యంత్రం ఆయన సబ్జెక్టు కాబట్టి అర్హత ఉందని తేల్చారు. రాసేవాడు ఒకడుండాలి కాబట్టి నేను.

మొదటి సమావేశం 'తెరుచుకొనుట' అంటే ఏమిటన్న దానితోనే సరిపోయింది. షట్టరు సగం లేస్తే తెరుచుకున్నట్టా కాదా అని కూర్మారావు గారు సందేహం లేవనెత్తారు. "వాహనము, వాహనముపై గల అధికార చిహ్నము, రెండును గీసుకొనకుండ లోనికి పోగలిగినచో తెరుచుకొన్నట్లు" అని డి.డి. గారు నిర్వచించారు. కూర్మారావు గారు అది తన డైరీలో కూడా రాసుకున్నారు.

నాలుగు కంపెనీలు ముందుకొచ్చాయి. నలుగురికీ ఒకే రోజు పరీక్ష పెట్టాం. ముందురోజు డి.డి. గారు తవిటయ్యని పిలిపించారు.

"రేపు ఎంపిక నిష్పక్షపాతంగా జరగాలి. ద్వారం పరిసరాల్లో మానవమాత్రుడు ఎవడూ కనిపించడానికి వీల్లేదు. ముఖ్యంగా నువ్వు."

"ఎక్కడుండమంటారు బాబూ?"

"ఎక్కడైనా ఉండు. కనిపించకు."

తవిటయ్యకి ఆఫీసులో షెడ్డు తప్ప వేరే చోటు లేదు. కాబట్టి పరీక్ష రోజు పొద్దున్నే క్యారేజీ పట్టుకుని చిన్న తలుపులోంచి లోపలికి వెళ్లి, గొలుసు పక్కన స్టూలేసుకుని కూర్చున్నాడు. కంపెనీల వాళ్లు తమ సామాను బిగించుకుంటూ, విప్పుకుంటూ అతన్ని షెడ్డులో సామానుగానే అనుకున్నారేమో, పలకరించలేదు.

మొదటి కంపెనీది రిమోటు. డి.డి. గారు కారులో కూర్చుని మీట నొక్కారు. షట్టరు గంభీరంగా లేచింది. కూర్మారావు గారు చప్పట్లు కొట్టబోతుండగా సగంలో ఆగిపోయింది. కరెంటు పోయింది. మా ఊళ్లో పదిన్నరకి పోయే కరెంటు రెండింటికి గాని రాదు. కంపెనీ కుర్రాడు జనరేటరు కూడా కొనుక్కోమన్నాడు. జనరేటరు నడవాలంటే ఎవరో ఒకరు తాడు లాగాలన్నాడు. "విద్యుత్తుపై ఆధారపడు దురలవాటు కలదు" అని డి.డి. గారు రాయించి తిరస్కరించారు.

రెండోది బ్యాటరీతో నడిచే కెమెరా. నెంబరు ప్లేటు చూసి తలుపు తెరుస్తుందట. మా కారుకి నెంబరు ప్లేటు కనబడదు, దాని మీద 'ప్రభుత్వ సేవలో' అన్న ఎర్రబోర్డు ఉంటుంది. ఆ బోర్డు తీయడానికి డి.డి. గారు ఒప్పుకోలేదు. "కెమెరా కోసం హోదా వదులుకోవాలా?" అన్నారు. సరే, కెమెరాకి ఆ బోర్డునే చూపించి గుర్తుపట్టడం నేర్పారు. అది చక్కగా నేర్చుకుంది. మరో పదినిముషాలకి పక్కనున్న పశువుల ఆసుపత్రి కాంపౌండరు స్కూటరు మీద అటుగా వెళ్తూంటే, ముందు అంటించిన 'ప్రభుత్వ సేవలో' కాగితం చూసి కెమెరా షట్టరు తెరిచింది. ఆయన ఎంతో సంతోషించి, షెడ్డు నీడలో స్కూటరు పెట్టుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. సాయంత్రం దాకా రాలేదు.

మూడోది ఫోను. తలుపుకి ఒక నెంబరుంటుంది, దానికి ఫోను చేస్తే తెరుచుకుంటుంది. డి.డి. గారు చేశారు. తెలుగు కోసం ఒకటి నొక్కమంది, నొక్కారు. ద్వారము తెరవడానికి మూడు నొక్కమంది, నొక్కారు. మీ ఫోను మాకు చాలా విలువైనదని, వరుసలో మీరు నాలుగోవారని, దయచేసి వేచి ఉండమని చెప్పి సన్నాయి వాయించింది. ఉన్నది ఒక్క తలుపు, ఫోను చేసింది ఒక్క మనిషి. మిగతా ముగ్గురూ ఎవరో తేలలేదు. సన్నాయి మాత్రం బాగుందని జోగారావు అన్నాడు.

నాలుగో కంపెనీవాడు అసలు రాలేదు. బస్సు తప్పిపోయిందని నాకు ఫోను చేశాడు. ఆ మాట డి.డి. గారికి చెప్పడానికి నేను కారు దగ్గరికి వెళ్తున్నాను. ఈలోగా జోగారావుకి ఆకలేసింది. కారు షెడ్డులో పెట్టేసి భోజనానికి పోదామనుకుని, ఏదీ ఆలోచించకుండా రోజూ కొట్టినట్టు రెండుసార్లు హారను కొట్టాడు.

షట్టరు లేచింది.

ఆగకుండా, అదరకుండా పైదాకా లేచింది. లేస్తూండగా దాని కింద నాకు రెండు కాళ్లు కనిపించాయి. ఎడమకాలి బొటనవేలికి గుడ్డ కట్టి ఉంది. ఆ తరవాత కాళ్లు గోడ పక్కకి తప్పుకున్నాయి. తవిటయ్య కనిపించకూడదన్న ఆజ్ఞ తూచా తప్పకుండా పాటించాడు. పదకొండేళ్లుగా హారను వింటే గొలుసు లాగే చేతులు మాత్రం ఆజ్ఞ కోసం ఆగలేదు.

"ఆరు సెకన్లు," అన్నారు కూర్మారావు గారు గడియారం చూసి. "నాలుగో కంపెనీది శబ్దాన్ని గ్రహించే సెన్సారు సార్. చాలా అధునాతనం."

షట్టరు దించమని హారను ఒకసారి కొట్టించారు. దిగింది. రోడ్డు మీద వెళ్లే లారీ చేత కొట్టించారు, కదల్లేదు. మళ్లీ మా కారు హారను కొట్టించారు, లేచింది. కరెంటు ఇంకా రాలేదని తెలిసి డి.డి. గారు ఇంకా మురిసిపోయారు.

"మన వాహనం గొంతు గుర్తుపడుతోంది. పైగా విద్యుత్తు అక్కర్లేదు. ఇది ఏ దేశపు తయారీ పట్నాయక్ గారూ?"

నిజం చెప్పాలంటే చెప్పాల్సింది అప్పుడే. నేను నోరు తెరిచాను కూడా. కానీ మార్చి 31 తరవాత తవిటయ్య ఏం తింటాడన్నది నా కళ్ల ముందు మెదిలింది.

"స్థానికం సార్," అన్నాను.

"చూశారా, ఇంట్లో పెట్టుకుని ఊరంతా వెతుకుతాం," అన్నారాయన. నాలుగో పద్ధతికి నూటికి తొంభై ఎనిమిది మార్కులొచ్చాయి. మోటారు చప్పుడు వినబడలేదని రెండు తగ్గించారు.

ఆ సాయంత్రం తవిటయ్యతో షెడ్డులో మాట్లాడాను. జరిగింది చెప్పాను. ఒప్పుకుంటే అతన్ని యంత్రంగా రాస్తాను, ఒప్పుకోకపోతే రేపే నిజం చెప్పేస్తానన్నాను.

అతను గొలుసు కేసి చూస్తూ అన్నాడు: "మనిసిగుంటే తీసేత్తారు. మిషనుగుంటే ఉంచుతారు. అంతే గదా బాబూ? మిషనుగానే ఉంటాను. మనిసిగుండి ఏటి బావుకున్నాను?"

అలా రాశాను. స్టాకు రిజిస్టరులో 'స్వయంచాలక ద్వార యంత్రము, ఒకటి' అని ఎక్కించాను. తయారైన సంవత్సరం అన్న గడిలో అబద్ధం రాయడానికి చెయ్యి రాక అతను పుట్టిన సంవత్సరమే వేశాను. తయారీ స్థలం దగ్గర వాళ్ల ఊరు. ఇంధనం అన్న చోట 'గంజి, కూర' అని రాసి కొట్టేసి 'సేంద్రియ' అని రాశాను. డి.డి. గారు అన్నింటి కిందా సంతకం పెట్టారు. ఆయన ఎప్పుడూ సంతకం పైన ఉన్నది చదవరు, అది కింది ఉద్యోగుల మీద నమ్మకం లేనట్టవుతుందని.

యంత్రం అన్నాక ఏటా నిర్వహణ చూసే ఏజెన్సీ ఉండాలి. 'సదరు యంత్రమును నడుపుటలో పద్దెనిమిదేళ్ల అనుభవము గల ఏకైక సంస్థ' అని పారమ్మ పేరు పెట్టాను. ఆవిడ పెళ్లయింది పద్దెనిమిదేళ్ల కిందటే. నిర్వహణ బిల్లు పాత జీతం కంటే కొంచెం ఎక్కువే వచ్చింది. మనిషికి పెంచమంటే పదకొండేళ్లు పెంచని వాళ్లు, యంత్రం అనేసరికి ఏ ప్రశ్నా వేయకుండా ఇచ్చారు. తవిటయ్య తనకి చూపు ఆనడం లేదని, కళ్లద్దాలు కావాలన్నాడు. 'కటకముల మార్పిడి' అని ఫైలు పెట్టాను. నాలుగు రోజుల్లో వచ్చాయి. నా కళ్లద్దాల బిల్లు అప్పటికి రెండేళ్లుగా పై ఆఫీసులో ఉంది.

ఇక్కడిదాకా నాకు సరదాగానే ఉంది. నా తెలివికి నేనే ముచ్చటపడి ఇంట్లో కూడా చెప్పుకున్నాను. తరవాతే సరదా తగ్గింది.

యంత్రం మీద స్టాకు నెంబరు ఉండాలని రూలు. తవిటయ్య చొక్కా వీపు మీద తెల్లరంగుతో నెంబరు వేయాల్సి వచ్చింది. వేసింది నేనే. అతను కదలకుండా నిలబడ్డాడు. రంగు చల్లగా తగిలి వీపు ఒకసారి వణికింది, అంతే.

జూన్‌లో ప్రధాన కార్యాలయం నుంచి సాంకేతిక సలహాదారు సోమయాజులు గారు తనిఖీకి వచ్చారు. షెడ్డులోకి వెళ్లి చూస్తానన్నారు. లోపల తవిటయ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. యంత్రం కదలకూడదు కాబట్టి లేచి దండం పెట్టలేదు. సలహాదారు అతన్ని ఎగాదిగా చూశారు.

"యంత్రం ఎక్కడ?"

"ఇదే సార్," అన్నారు డి.డి. గారు, రిజిస్టరు కేసి వేలు చూపిస్తూ. ఆయన కూడా షెడ్డు లోపలికి రావడం అదే మొదటిసారి. తవిటయ్యని చూశారు. ముఖంలో రంగు మారింది. కానీ కింద తన సంతకముందని వెంటనే గుర్తొచ్చినట్టుంది, గొంతు సవరించుకుని నిలబడ్డారు.

సోమయాజులు గారు అతని వీపు వెనక్కి వెళ్లి నెంబరు చదివారు. రిజిస్టరులో నెంబరు చదివారు. మళ్లీ వీపు చదివారు. "సరిపోయింది," అని టిక్కు పెట్టారు. "దుమ్ము పడకుండా గుడ్డ కప్పుతూండండి," అని సలహా కూడా ఇచ్చి టిఫినుకి వెళ్లారు.

ఆగస్టులో తవిటయ్యకి జ్వరమొచ్చి రెండు రోజులు రాలేదు. పారమ్మకి నోటీసు వెళ్లింది. "మీ నిర్వహణలోని యంత్రము పనిచేయకపోవుటకు కారణము తెలుపవలెను." ఆవిడ తరఫున నేనే జవాబు రాశాను: "యంత్రము వేడెక్కినది. చల్లారిన వెంటనే నడుచును." డి.డి. గారు ఇకపై యంత్రం ఆదివారాలతో సహా ఏడాది పొడుగునా సిద్ధంగా ఉండాలని షరతు పెట్టారు. యంత్రానికి ఆదివారమేమిటన్నారు.

కార్తీకమాసంలో తవిటయ్య అన్న పోయాడు. పదోరోజుకి ఊరు వెళ్తానని అడిగాడు. నేను ఫైలు పెట్టాను. "యంత్రమునకు సోదరుడు కలడని స్టాకు రిజిస్టరులో లేదు" అని డి.డి. గారు రాసి వెనక్కి పంపారు. ఈసారి ఆయన అంతా తెలిసే రాశారు. తవిటయ్య ఆ పదోరోజున గొలుసు పట్టుకుని కూర్చుని ఏడ్చాడు. రెండుసార్లు హారను మోగింది. కళ్లు తుడుచుకుని లాగాడు. ఈ తెలివంతా నాదే కదా, సిగ్గుతో చచ్చిపోయాను.

ఫిబ్రవరిలో ఇంకో సర్క్యులరు వచ్చింది. పదిహేనేళ్లు దాటిన యంత్రాలన్నింటినీ పనికిరానివిగా ప్రకటించి వేలం వేయాలి. నేను రిజిస్టరు తెరిచి చూసుకున్నాను. తయారైన సంవత్సరం గడిలో నా చేత్తో రాసిన అంకె ఉంది. దాని ప్రకారం మా యంత్రానికి నలభై ఆరేళ్లు.

"మంచిదే," అన్నారు డి.డి. గారు, తలకాయ నొప్పి వదిలినట్టు. "పద్ధతిగా వదిలించుకుందాం."

వేలం ప్రకటన ఆఫీసు గోడకి అంటించాం. "యంత్రము ఉన్నది ఉన్నచోట, ఉన్నట్టుగా అమ్మబడును. కొనువారు లేనిచో కమిటీ సమక్షమున భాగములుగా విడదీసి ధ్వంసము చేయబడును." రెండో వాక్యం నేను రాయలేదు, అది అచ్చు ఫారంలోనే ఉంటుంది. దాన్ని కొట్టేసే అధికారం జిల్లా స్థాయిలో ఎవరికీ లేదు.

వేలం రోజు పాత ఇనుము కొనే గున్నయ్య వచ్చాడు. త్రాసు కూడా తెచ్చుకున్నాడు. షెడ్డులోకి వెళ్లి, కాసేపటికి తల గోక్కుంటూ బయటికొచ్చాడు.

"అయ్యగోరూ, ఈడు మా ఈది తవిటయ్య గదా?"

"వేలానికి సంబంధం లేని మాటలొద్దు. వస్తువు చూశావు కదా. పాట చెప్పు," అన్నారు డి.డి. గారు.

"ఏటి సెప్పమంటారు? ఇనుము నేదు, రాగి నేదు. యాభై కేజీలు కూడా తూగడు. నాకొద్దు బాబూ," అని త్రాసు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

డి.డి. గారు మూడుసార్లు పిలిచారు. ఎవరూ పలకలేదు. కూర్మారావు గారు ఫారం చదివి, 'విడదీయుట' అంటే మొదట ఏ భాగంతో మొదలెట్టాలని అడిగారు. స్క్రూడ్రైవరు తెప్పించమంటారా అన్నారు. ఆయన వేళాకోళమాడలేదు, నిజంగానే అడిగారు. తవిటయ్య షెడ్డు గుమ్మంలో నిలబడి అందరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"పాట నాది," అంది వెనకనుంచి పారమ్మ. కొంగు ముడి విప్పి పది రూపాయల నోటు బల్ల మీద పెట్టింది. వేళ్లు ఇంకా నల్లగానే ఉన్నాయి.

డి.డి. గారు ఉలిక్కిపడ్డారు. "కుదరదు. బంధువులు పాడకూడదు. ఈవిడ అతని భార్య."

నేను ఇరవై తొమ్మిదేళ్లలో అధికారికి ఎదురు చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. ఎదురు చెప్పడం కూడా కాదు, రూలే చెప్పాను.

"ఎవరి భార్య సార్? యంత్రానికి భార్య ఉన్నట్టు రిజిస్టరులో ఎక్కించమంటారా? ఎక్కిస్తే తమ సంతకం కావాలి. యంత్రాన్ని ఏడాదిగా ఎలా నడిపించామో కూడా రాయాల్సి వస్తుంది."

ఆయన సుత్తి తీసుకుని బల్ల మీద కొట్టారు. పారమ్మ రసీదు తీసుకుంది. ఆఫీసు దాటించడానికి గేటు పాసు రాసిచ్చాను. "యంత్రము ఒకటి, పనిచేయు స్థితిలో." అది పట్టుకుని ఇద్దరూ నడుచుకుంటూ వెళ్లిపోయారు.

మర్నాడు డి.డి. గారి కారు షెడ్డు ముందు ఆగింది. జోగారావు రెండుసార్లు హారను కొట్టాడు. ఏమీ జరగలేదు. చేతితో తెరిస్తే క్రమశిక్షణా చర్య. జోగారావు దిగితే కారు అనాథ. కారు ఎండలో నిలబడింది. రెండోరోజూ నిలబడింది. మూడోరోజు మధ్యాహ్నం, ప్రధాన కార్యాలయం వాళ్లు మా యంత్రాన్నే ఆదర్శంగా పెట్టుకుని రాష్ట్రమంతా అలాంటివే కొనాలనుకుంటున్నారని, సోమవారం వచ్చి చూస్తారని కబురొచ్చింది. కబురు చదివి డి.డి. గారు మంచినీళ్లు తాగారు. ఇంకో గ్లాసు తాగారు.

సాయంత్రం మేమిద్దరం పారమ్మ ఇంటికి వెళ్లాం. తవిటయ్య అరుగు మీద బనీనుతో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. డి.డి. గారిని చూసి లేవబోయాడు.

"కూకో," అంది పారమ్మ. అతను కూర్చున్నాడు.

"అమ్మా, నీ యంత్రాన్ని మాకు అద్దెకివ్వాలి," అన్నారు డి.డి. గారు. నిలబడే అన్నారు, కుర్చీ లేదు.

"ఇత్తాను అయ్యగోరూ. ఐతే నా మిషను నా మాటకి లోబడి నడుత్తాది. నా సరతులు సెప్తాను, పట్నాయకు బాబు రాసుకుంతారు."

నేను కాగితం తీశాను.

"ఆదివారం నడవదు. పండగ పూట నడవదు. ఒల్లు ఏడెక్కితే సల్లారిందాకా నడవదు. మా సుట్టాల్లో ఎవలైనా పోతే పదోరోజుకి నడవదు."

"యంత్రానికి చుట్టాలేమిటమ్మా?"

"మిషనుకి నేరు. నాకున్నారు. నానెక్కడికెల్తే నా మిషను నాతోటొస్తాది." ఆవిడ గొంతు పెద్దది చేయలేదు. "అద్దె ఒకటో తారీకునే రావాల. ఈపు మీద ఆ నెంబరు సెరిపీయాల."

"గుర్తింపు లేకపోతే తనిఖీ ఎలా?"

"పేరు రాయండి. ఆడికి పేరుంది."

డి.డి. గారు నా కేసి చూశారు. 'యంత్రము పేరు' అన్న చోట నేను 'తవిటయ్య' అని పెద్ద అక్షరాలతో రాశాను. పన్నెండేళ్లలో ఆ పేరు మా ఆఫీసు కాగితం మీదికి ఎక్కడం అదే మొదలు. తవిటయ్య చిక్కుడుకాయలు పక్కన పెట్టి, కొత్త కళ్లద్దాలు సర్దుకుని, ఆ అక్షరాలు ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. ఆ తరవాత భార్యని దగ్గరికి పిలిచి చెవిలో ఏదో చెప్పాడు.

"ఇంకోటుందట, రాసుకోండి," అంది పారమ్మ.

రాసుకున్నాను. డి.డి. గారు అలవాటు ప్రకారం చదవకుండా సంతకం పెట్టారు.

సోమవారం పది గంటలకి కారు షెడ్డు ముందు ఆగింది. వెనక సీట్లో డి.డి. గారు, ఆయన పక్కన ప్రధాన కార్యాలయం నుంచి వచ్చిన సోమయాజులు గారు. నేను ఒప్పందం కాగితాలు పట్టుకుని పక్కన నిలబడ్డాను. జోగారావు రెండుసార్లు హారను కొట్టాడు.

షట్టరు లేవలేదు. మళ్లీ కొట్టాడు.

"ఉండండి బాబూ, టీ తాగుతున్నాను," అని లోపల్నుంచి వినిపించింది.

సోమయాజులు గారు తల తిప్పి డి.డి. గారిని చూశారు. డి.డి. గారు అద్దం దించి నన్ను చూశారు.

"ఇది ఒప్పందంలో ఉందా?"

"ఉంది సార్. చివరి షరతు."

ఆయన మెల్లిగా వెనక్కి ఆనుకుని కూర్చున్నారు. ఇంజను ఆపమని జోగారావుకి చెప్పారు.